తాళం పడిన ఆరోగ్య కేంద్రం: ప్రవాసుల డబ్బు ఏం చేయగలదు, ఏం చేయలేదు

ఆ భవనం దగ్గరికి వెళ్లగానే ముందు కనిపించేది శిలాఫలకం. నల్లరాతి మీద తెల్లటి అక్షరాలతో నలభైకి పైగా పేర్లు, ఒక్కో పేరు పక్కన ఆ మనిషి పనిచేస్తున్న దేశం. పక్కనే తలుపు, తలుపుకి తాళం. తాళం తుప్పు పట్టింది. కిటికీలోంచి తొంగి చూస్తే లోపల రెండు మంచాలు. పరుపుల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. ఈ ఆరోగ్య కేంద్రం కోసం విదేశాల్లో ఉన్నవాళ్లు మూడేళ్లపాటు నెలనెలా తమ జీతంలోంచి చందా వేసుకున్నారు. నేను వెళ్లేసరికి కట్టడం పూర్తయి రెండేళ్లయింది. అప్పటిదాకా అక్కడ ఒక్క రోగినీ చూడలేదు.

వలస వెళ్లినవాళ్ల సంఘాలకు, వాళ్ల కుటుంబాలకు డబ్బు విషయాల్లో సలహా ఇవ్వడం నా వృత్తి. ఆ సంఘం అధ్యక్షుడు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "మేడం, మా డబ్బు ఏమైపోయిందో చూసి చెప్పండి." ఎవరో తిన్నారని ఆయన అనుమానం. నాలుగు రోజులు కూర్చుని పాత రసీదులన్నీ లెక్కేశాను. ఎవరూ తినలేదు. పంపినదంతా ఆ గోడల్లోనే ఉంది.

సంఘం అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, దేశం పేరు, మనుషుల పేర్లు బయటపెట్టనని మాటిచ్చాను. ఇలాంటి తాళాలు నేను చాలా చోట్ల చూశాను కాబట్టి, పేర్లు లేకపోయినా చదివేవాళ్లకు విషయం అందుతుందనే నమ్మకం ఉంది.

ఒక తల్లి నోటుపుస్తకం

సంఘం డబ్బు సంగతి చూసేముందు ఇళ్లకొచ్చే డబ్బు సంగతి చూడాలి. ఈ రెండూ వేర్వేరు మనస్తత్వాలతో వస్తాయి. ప్రవాసి తన ఇంటికి పంపేది బాధ్యత, ఊరికి ఇచ్చేది గౌరవం. ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

శిలాఫలకం మీద ఉన్న ఒకాయన తల్లి తన దగ్గరున్న నోటుపుస్తకం చూపించారు. గళ్ల పుస్తకం, అంచులు నలిగిపోయాయి. ఎడమవైపు తేదీ, మధ్యలో వచ్చిన మొత్తం, కుడివైపు ఎందుకు ఖర్చయిందో రెండు ముక్కల్లో. మొదటి రెండేళ్ల పేజీల్లో కుడివైపు ఒకే మాట వరసగా రాసి ఉంది: "ఏజెంటు అప్పు". కొడుకు వెళ్లడానికి చేసిన అప్పు తీరడానికే రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ దేశం లెక్కల్లో ఆ కుటుంబానికి విదేశీ డబ్బు వచ్చినట్టే. ఇంట్లో మాత్రం ఏ మార్పూ లేదు. మూడో ఏడు నుంచి చిన్నవాడి కాలేజీ ఫీజు, తండ్రి మందులు, ఇంటి పైకప్పు. ఆరో ఏడులో మొదటిసారి "బ్యాంకులో వేశాను" అని కనిపించింది.

"చూడమ్మా, వాడు పంపింది పంపినట్టే అయిపోయింది. కానీ ఒక్క నెల కూడా ఆగలేదు," అన్నారామె.

ఆ రెండో వాక్యం ఎంత విలువైనదో ఆర్థికవేత్తలకు బాగా తెలుసు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ మొదలైనప్పుడు, ప్రవాసులు పంపే డబ్బు ఆ ఏడాది సుమారు 20 శాతం పడిపోతుందని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. ఏడాది గడిచాక లెక్క చూస్తే అల్పాదాయ, మధ్యాదాయ దేశాలకు తగ్గింది 1.6 శాతమే. వాళ్లు దాచుకున్నది తీసి పంపారు, తమ ఖర్చు తగ్గించుకున్నారు. విమానాలు ఆగిపోయి, మనుషులు చేతుల్లో తెచ్చే డబ్బుకి దారి మూసుకుపోవడంతో కొంత మొత్తం బ్యాంకుల దారిలోకి వచ్చి లెక్కల్లోకి ఎక్కింది కూడా. విదేశీ పెట్టుబడి ఇలా ప్రవర్తించదు. కష్టం రాగానే అది ముందు వెళ్లిపోతుంది. ప్రవాసి డబ్బు మాత్రం ఇంట్లో కష్టం వచ్చినప్పుడే పెరుగుతుంది.

మొత్తం కూడా చిన్నదేమీ కాదు. 2024లో ఈ దేశాలకు అందిన డబ్బు 685 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. అదే దేశాలకొచ్చే విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిని దాటింది, ధనిక దేశాలిచ్చే అధికారిక సాయాన్నీ దాటింది. అందులో భారత్‌ది 129 బిలియన్లతో మొదటి స్థానం, ఆ తర్వాత మెక్సికో, చైనా, ఫిలిప్పీన్స్, పాకిస్తాన్.

"అంతా తినడానికి, ఇళ్లు కట్టడానికే పోతుంది, దేశానికి ఏం ఒరిగింది?" అని అడిగేవాళ్లు ప్రతి సమావేశంలో ఒకరైనా ఉంటారు. వాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఫిలిప్పీన్స్‌ది. 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్ వాళ్లు డజన్ల కొద్దీ దేశాల్లో పనిచేస్తున్నారు. పెసో విలువ పడిపోయింది. కొన్ని దేశాల కరెన్సీ పెసోతో పోలిస్తే బాగా బలపడింది, కొన్నిటిది అంతగా బలపడలేదు. అంటే ఎవరి జీతం ఇంటికొచ్చేసరికి ఎంత పెరిగిందన్నది వాళ్లు ఉన్న దేశాన్ని బట్టి మారింది. ఆర్థికవేత్త డీన్ యాంగ్ ఈ తేడాను పట్టుకుని ఆ కుటుంబాలను పరిశీలించారు. ఎక్కువ లాభపడిన ఇళ్లలో పిల్లలు బడిలో నిలబడటం పెరిగింది, పిల్లలు పనికి వెళ్లడం తగ్గింది, సొంత వ్యాపారాలు మొదలయ్యాయి. నోటుపుస్తకంలోని "కాలేజీ ఫీజు" అన్న పద్దును ఖర్చు అనాలా, పెట్టుబడి అనాలా? నేనైతే పెట్టుబడి కిందే రాసుకుంటాను.

అదే డబ్బు చేసే చెడు

ఇంత నమ్మకంగా వచ్చే డబ్బుకి మరో వైపు కూడా ఉంది. నేను పనిచేసే సంఘాల్లో ఇది మాట్లాడితే కొందరికి కోపం వస్తుంది. అయినా మాట్లాడాలి.

ఒకే దేశం మీద ఆధారపడటం మొదటి ప్రమాదం. తజికిస్తాన్‌కు వచ్చే డబ్బులో పెద్ద భాగం రష్యాలో పనిచేసే కార్మికులదే. ఆ డబ్బు దేశ జీడీపీలో 40 శాతం దాటిన ఏళ్లున్నాయి. 2014 చివర్లో చమురు ధర కూలి, ఆంక్షలు తోడై రూబుల్ పడిపోయింది. తజికిస్తాన్‌లో ఒక్క తప్పూ చేయని ఇళ్లలో 2015 నాటికి ఆదాయం కుదించుకుపోయింది.

రెండోది కళ్లకు కనపడకుండా జరుగుతుంది. బయటి డబ్బు ధారాళంగా వచ్చినప్పుడు దేశం కరెన్సీ బలంగా ఉంటుంది, భూమి ధర, కూలి రేటు పెరుగుతాయి, దిగుమతులు చవకవుతాయి. ఎగుమతి చేద్దామనుకునే చిన్న ఫ్యాక్టరీకి లెక్క కుదరదు. ఫ్యాక్టరీ లేకపోతే ఉద్యోగం ఉండదు, ఉద్యోగం లేని కుర్రాడు పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్తాడు. దీన్ని ఆర్థికశాస్త్రంలో డచ్ డిసీజ్ అంటారు. సహజవాయువు దొరికాక నెదర్లాండ్స్‌లో ఇతర పరిశ్రమలు దెబ్బతినడం వల్ల ఆ పేరు వచ్చింది. అయితే గ్యాస్ బావి నుంచి వచ్చే డబ్బుకీ మనుషుల్ని పంపి తెచ్చుకునే డబ్బుకీ నాకు ఒక పెద్ద తేడా కనిపిస్తుంది. ఆ నోటుపుస్తకం రాసే తల్లి కొడుకుని చూసి నాలుగేళ్లయింది. జీడీపీలో ఆ లెక్క ఎక్కడా ఉండదు.

ప్రభుత్వాలకు వచ్చే నిశ్చింత మూడోది. విదేశీ మారక నిల్వలు నిండుతుంటే, బళ్లు ఆసుపత్రులు ఎలా ఉన్నా జనం సొంత డబ్బుతో సర్దుకుంటుంటే, ఏదైనా మార్చాలన్న ఒత్తిడి తగ్గుతుంది. లెబనాన్‌ను చూడండి. 1997 నుంచి లిరాను డాలరుకు 1,507 దగ్గర కట్టేసి, ఎక్కువ వడ్డీ ఆశచూపి, బయట ఉన్న తమవాళ్ల డిపాజిట్లతోనే బ్యాంకులు, ప్రభుత్వం ఏళ్ల తరబడి బండి నడిపాయి. 2019 అక్టోబరులో ఆ బండి ఆగింది. బ్యాంకులు రెండు వారాలు మూతపడ్డాయి, తెరిచాక విత్‌డ్రాలకు పరిమితులు పెట్టాయి. జీవితమంతా బయట పనిచేసి దాచుకున్నవాళ్లు కౌంటర్ దగ్గర నిలబడి తమ డాలర్లు తమకివ్వమని అడగాల్సి వచ్చింది.

తాళం ఎందుకు పడింది

మళ్లీ ఆరోగ్య కేంద్రం దగ్గరికొద్దాం. జిల్లా ఆరోగ్య అధికారిని కలిసినప్పుడు ఆయన చిరాకు పడలేదు. చాలా ఓపిగ్గా చెప్పారు. "భవనం బాగుంది మేడం. కానీ ఇక్కడ నర్సు పోస్టు మంజూరు లేదు. కట్టేముందు మమ్మల్ని ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవాళ్లం." నేను సంఘం పాత సమావేశాల మినిట్స్ అన్నీ తిరగేశాను. గోడ రంగు మీద రెండు సమావేశాలు జరిగాయి. శిలాఫలకంలో పేర్ల వరస మీద మూడు జరిగాయి. నర్సు జీతం ఎవరిస్తారన్న ప్రశ్న ఒక్కచోట కూడా లేదు.

వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. దూరంగా ఉన్నవాళ్లకు కనపడేది భవనమే. ఫొటో తీసి పంపవచ్చు, సెలవులకు వచ్చినప్పుడు పిల్లలకు చూపించవచ్చు. నర్సు జీతం, కరెంటు బిల్లు, మందులు పెట్టే ఫ్రిజ్ రిపేరు, ఇవేవీ ఫొటోలో పడవు. కానీ ఏ ఆరోగ్య కేంద్రానికైనా అసలు ఖర్చు అవే, అవి ఎప్పటికీ ఆగవు. చందా భవనం పూర్తయ్యేదాకా ఇచ్చేది, జీతం ఎప్పటికీ నెలనెలా ఇవ్వాల్సింది.

తవ్వేకొద్దీ ఇంకొన్ని బయటపడ్డాయి. ఆ స్థలం ఒక సభ్యుడి కుటుంబం ఇచ్చింది, నోటిమాటగా. రిజిస్ట్రేషన్ జరగలేదు. ప్రైవేటు స్థలంలో ఉన్న కట్టడానికి ప్రభుత్వ సిబ్బందిని పంపడం కుదరదు. కోశాధికారి నిజాయితీపరుడే, ప్రతి రసీదూ దాచాడు. కానీ ఎవరికీ చూపించలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. రెండో ఏడాదికి ఎక్కడి నుంచో ఒక పుకారు లేచింది. ఆ తర్వాత చందాలు సగానికి సగం ఆగిపోయాయి. ఆ మనిషి నా ముందు రసీదుల పెట్టె తెరిచినప్పుడు చేతులు వణికాయి. రెండేళ్లుగా తనని దొంగలా చూస్తున్నారని ఆయనకు తెలుసు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కదిలించింది ఇంకొకటి. ఆ చుట్టుపక్కల నర్సింగ్ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆరా తీశాను. ముగ్గురున్నారు. ముగ్గురూ విదేశాల్లోనే. వాళ్లలో ఇద్దరి పేర్లు ఆ శిలాఫలకం మీదే ఉన్నాయి. నర్సులు లేక మూతపడిన కేంద్రానికి చందా ఇచ్చింది నర్సులే.

దీన్ని చూసి "మేధోవలస దేశాన్ని పిండేస్తుంది" అని తేల్చేయడం తేలిక. మళ్లీ ఫిలిప్పీన్స్ అనుభవం కొంచెం వేరే మాట చెబుతుంది. 2000 దశకం మొదట్లో అమెరికా విదేశీ నర్సులకు వీసాలు పెంచినప్పుడు అక్కడ నర్సింగ్ కాలేజీల్లో చేరేవాళ్లు విపరీతంగా పెరిగారు. పావ్లో అబార్కర్, కారొలైన్ థియోహారిడెస్ చేసిన అధ్యయనం ప్రకారం, వెళ్లిన ఒక్కో నర్సుకు దేశంలో అదనంగా తొమ్మిది మంది లైసెన్సు పొందారు. అయితే అక్కడ ఆ కోరికకు తగ్గట్టు కాలేజీలు పెరగగలిగాయి. చదువు చెప్పే ఏర్పాటే లేని చోట, ఉన్న ముగ్గురూ వెళ్తే మిగిలేది ఎవరూ లేరు. నాకు అప్పగించిన ఊరు ఆ రెండో రకం.

మెక్సికోలో ఇది ఎలా చేశారు

ఇలాంటి ఊరి సంఘాలకు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ అనుభవమున్నది మెక్సికో వాళ్లకి. సకటెకాస్ రాష్ట్రం నుంచి అమెరికా వెళ్లినవాళ్ల సంఘాలు తమ ఊళ్లకు చందాలు పోగుచేస్తుంటే ప్రభుత్వం దానికి తన వాటా కలపడం మొదలుపెట్టింది. 2002 నాటికి అది దేశమంతటా "ఒకటికి మూడు" పథకమైంది. సంఘం ఒక పెసో వేస్తే మున్సిపాలిటీ, రాష్ట్రం, కేంద్ర ప్రభుత్వం తలా ఒక పెసో వేసేవి. రోడ్లు, తాగునీరు, కరెంటు, బళ్లు ఎన్నో వచ్చాయి.

ఇందులో నాకు నచ్చేది అదనంగా వచ్చే మూడు పెసోలు కావు. నలుగురూ డబ్బు పెట్టాలంటే నలుగురూ ముందు కూర్చోవాలి. ఆ బల్ల దగ్గరే "కట్టాక ఎవరు నడుపుతారు" అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. మా కేసులో అలాంటి బల్లే వేయలేదు.

ఆ పథకానికి లోపాలూ ఉన్నాయి. సంఘాలు ఉన్న ఊళ్లకే డబ్బు వెళ్లింది. వలస వెళ్లే స్తోమత కూడా లేని నిరుపేద ఊళ్లకు చేరింది తక్కువ. అధికార పార్టీకి బలమున్న చోట్లకు ఎక్కువ మొగ్గిందని కూడా పరిశోధకులు చూపించారు. ప్రవాసుల డబ్బుని ప్రభుత్వ సంక్షేమానికి బదులుగా చూడకూడదని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే. ఎవరి కొడుకూ బయటికి వెళ్లని ఇల్లు కూడా ఆ దేశంలోనే ఉంటుంది.

బాండ్ల ఆలోచన

మా మూడో సమావేశంలో ఒక యువ సభ్యుడు లేచి, "దానం ఎందుకు మేడం? పెట్టుబడిగా పెడదాం. ప్రభుత్వాన్నే బాండ్లు వేయమందాం," అన్నాడు. మంచి ప్రశ్న. కాస్త ఎక్కువసేపే మాట్లాడుకున్నాం.

ఇజ్రాయెల్ 1951 నుంచి బయటి యూదులకు బాండ్లు, అంటే గడువుకి వడ్డీతో తిరిగి కట్టే అప్పుపత్రాలు, అమ్ముతోంది. భారత్ 1998 మేలో అణుపరీక్షలు చేసి ఆంక్షలు ఎదుర్కొన్నప్పుడు, ఆగస్టులో స్టేట్ బ్యాంక్ ద్వారా రిసర్జెంట్ ఇండియా బాండ్లు తెచ్చింది. 4.2 బిలియన్ డాలర్లు వచ్చాయి. 2000లో మళ్లీ ఇండియా మిలీనియం డిపాజిట్లతో 5.5 బిలియన్లు. 2013లో రూపాయి జారుతుంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చవకగా స్వాప్ (డాలర్లు తీసుకుని రూపాయలిచ్చి, గడువుకి ముందే ఖరారైన రేటుకి డాలర్లు తిరిగిచ్చే ఏర్పాటు) ఇచ్చింది. ప్రవాసుల డిపాజిట్లతో, బ్యాంకులు బయట తెచ్చిన అప్పుతో కలిపి సుమారు 34 బిలియన్లు రాబట్టింది. ప్రతిసారీ గడువుకి అసలు, వడ్డీ విదేశీ కరెన్సీలో తిరిగిచ్చారు. అందుకే మళ్లీ అడిగినప్పుడు మళ్లీ ఇచ్చారు. నైజీరియా 2017లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ దగ్గర నమోదు చేయించి మరీ 300 మిలియన్ డాలర్ల బాండు అమ్మింది.

ఇథియోపియా 2008లో విద్యుత్ సంస్థ కోసం ఇలాంటి బాండే తెచ్చింది. స్పందన చాలా తక్కువ. దేశం మీద ప్రేమ లేక కాదు, వాళ్లు ఇళ్లకు పంపుతూనే ఉన్నారు. ఆ విద్యుత్ సంస్థ తిరిగి కట్టగలదా, ప్రభుత్వం మాట నిలబెట్టుకుంటుందా అన్న అనుమానం తీరలేదు. దేశభక్తి వడ్డీలో కొంచెం తగ్గింపు ఇప్పించగలదేమో గానీ, నమ్మకం లేని చోట బాండు అమ్మించలేదు.

"అయితే మన దగ్గర ఇప్పుడు నమ్మకం ఎంతుంది?" అని అడిగాను. ఆ యువకుడు కోశాధికారి వైపు చూశాడు. ఎవరూ మాట్లాడలేదు. ఏం చేయాలో ఆ నిమిషంలోనే తేలింది. ముందు లెక్క చెప్పాలి.

మేం చేసింది

మొదటి పని రసీదుల పెట్టె తెరవడం. మూడేళ్ల లెక్కని ఒక్క పేజీకి కుదించాం. సభ్యుల్లో చాలామంది కట్టడం పనిలో, ఇళ్లలో, గోదాముల్లో చేసేవాళ్లు, ఎక్సెల్ షీట్ పంపితే తెరవరు. కాబట్టి కోశాధికారే ప్రతి నెలా మొదటి ఆదివారం వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు: ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది. కింద బ్యాంకు పాస్‌బుక్ ఫొటో. చెక్కు మీద రెండు సంతకాలు, అందులో ఒకటి తప్పనిసరిగా సభ్యుల కుటుంబాలకు చెందని మనిషిది. మొదటి మెసేజ్‌లో ఆయన గొంతు బిగుసుకుపోయింది. నాలుగో నెలకి మామూలుగా మాట్లాడాడు. ఆగిన చందాల్లో చాలావరకు ఏడాదిలో తిరిగి మొదలయ్యాయి.

స్థలం స్థానిక సంస్థ పేరున రిజిస్టర్ చేయించడానికి ఎనిమిది నెలలు పట్టింది. దాత కుటుంబంలో ఒక అన్న ఒప్పుకోలేదు. ఆ భాగం గురించి ఇంతకన్నా రాయను.

కొత్త నర్సు పోస్టు కోసం కాళ్లరిగేలా తిరగడం మానేశాం. పక్క ఉపకేంద్రంలో ఉన్న నర్సు వారానికి రెండు రోజులు ఇక్కడ కూర్చునేలా జిల్లా ఆఫీసుతో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నాం. కరెంటు, శుభ్రత, ఫ్రిజ్ సంఘం చూసుకుంటుంది. మందులు ప్రభుత్వానివే. ఒప్పందంలో ఒక షరతు నేను పట్టుబట్టి రాయించాను: ప్రభుత్వం తన వాటా ఆపితే సంఘం దాన్ని భర్తీ చేయదు. సభ్యులకు అది రాతిగుండెలా అనిపించింది. కానీ ఒకసారి భర్తీ చేయడం మొదలుపెడితే ఆ ఖర్చు ఇక ఎప్పటికీ సంఘం నెత్తి మీదే ఉంటుంది.

ఇద్దరు అమ్మాయిల నర్సింగ్ చదువుకి సంఘం డబ్బు పెట్టింది, చదివాక మూడేళ్లు ఇక్కడ పనిచేయాలి లేదా డబ్బు తిరిగివ్వాలి అన్న షరతుతో.

డబ్బు పంపే ఖర్చు మీద కూడా పనిచేశాం. నాకు ఇది ఇష్టమైన పని. ఫలితం వెంటనే కనిపిస్తుంది. "ఫీజు సున్నా" అని బోర్డు పెట్టిన చోటే ఎక్కువ నష్టం జరుగుతుందని చాలామందికి తెలియదు. ఫీజు ఉండదు, కానీ మారకం రేటు మార్కెట్ కన్నా తక్కువ కడతారు. 200 డాలర్లు పంపే మనిషికి రేటులో 3 శాతం తగ్గిస్తే 6 డాలర్లు పోయినట్టే, రసీదు మీద మాత్రం సున్నా. సభ్యులకు ఒకే సూత్రం నేర్పాం: ఫీజు అడగొద్దు, "నేను ఇంత ఇస్తే అవతల చేతికి ఎంత అందుతుంది" అని అడగండి. ఒకే రోజు, ఒకే మొత్తానికి నాలుగు చోట్ల అడిగి గ్రూపులో పెట్టించాం. ప్రపంచ సగటున 200 డాలర్లు పంపడానికి ఇప్పటికీ 6 శాతానికి పైగా పోతోంది. 2030కల్లా దీన్ని 3 శాతం లోపుకి తేవాలని ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఉంది. సాయం కోసం ఎదురుచూడకుండా, ఎవరినీ కొత్త చందా అడగకుండా పేద ఇళ్లకు చేరగలిగే డబ్బు ఇది. దీని మీద ప్రభుత్వాలు ఇంత నెమ్మదిగా ఉండటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అన్నిటికన్నా అనుకోకుండా వచ్చిన మేలు ఒక సభ్యురాలి వల్ల జరిగింది. ఆమె విదేశంలో ఒక ఆసుపత్రిలో క్లీనింగ్ పని చేస్తారు. ఒకరోజు గ్రూపులో ఒక కాగితం ఫొటో పెట్టారు: గంటగంటకీ ఏ గది ఎవరు శుభ్రం చేశారో సంతకం పెట్టే చార్టు. "మన దగ్గర కూడా ఇలాంటిది గోడకి తగిలిస్తే బాగుంటుందేమో," అని రాశారు, కాస్త మొహమాటంగానే. ఇప్పుడది ఆ కేంద్రం గోడ మీద ఉంది. ప్రవాసుల ద్వారా డబ్బుతోపాటు పద్ధతులు, అలవాట్లు, ఆశించే స్థాయి కూడా ఇంటికొస్తాయి. సమాజశాస్త్రజ్ఞురాలు పెగ్గీ లెవిట్ 1998లో దీనికి సోషల్ రెమిటెన్సెస్ అని పేరు పెట్టారు. పెద్ద స్థాయిలో దీనికి తైవాన్‌ను మించిన ఉదాహరణ లేదు. 1980లో షించు సైన్స్ పార్కు తెరిచి అమెరికాలో పనిచేస్తున్న తమ ఇంజనీర్లకు చోటు చూపించారు. అమెరికా చిప్ పరిశ్రమలో దశాబ్దాలు పనిచేసిన మోరిస్ చాంగ్ అక్కడికి వచ్చి 1987లో చిప్‌లు తయారుచేసే టీఎస్ఎంసీ సంస్థ స్థాపించారు. అయితే ఆయన వచ్చేసరికి అక్కడ పరిశోధన సంస్థ ఉంది, ప్రభుత్వ పెట్టుబడి ఉంది. వచ్చి ఖాళీ మైదానంలో నిలబడలేదు. మా సభ్యురాలి చార్టు కూడా, గోడ ఉన్న చోటే తగిలించగలిగాం.

ఇప్పటి పరిస్థితి

కేంద్రం వారానికి మూడు రోజులు తెరుస్తున్నారు. రెండు రోజులు ఉపకేంద్రం నర్సు వస్తారు, మూడో రోజు మేం చదివించిన అమ్మాయి. రెండో అమ్మాయి చదువు పూర్తికాగానే విదేశం వెళ్లింది. షరతు ప్రకారం డబ్బు వాయిదాల్లో కడుతోంది. సంఘంలో కొందరు ఆమె మీద కోపంగా ఉన్నారు. నేను ఆమె పక్షానే మాట్లాడాను. ఇరవై రెండేళ్ల మనిషి బతుకుని ఒక భవనానికి కట్టేసే హక్కు మనకి లేదు, ఒప్పందంలో రెండో దారి మనమే రాశాం. వాయిదాలు ఇప్పటిదాకా ఒక్కటి కూడా తప్పలేదు. ఆ డబ్బుతో ఈ ఏడాది ఇంకో విద్యార్థిని ఎంపిక చేశారు.

ఊళ్లో ఉపాధి పెరగలేదు. కుర్రాళ్లు ఇంకా వెళ్తూనే ఉన్నారు. ఏజెంటు అప్పు మీద మేం చేయగలిగింది చాలా తక్కువ. అది ప్రభుత్వాలు రెండు వైపులా కూర్చుని తేల్చాల్సిన విషయం. ఆ తల్లి నోటుపుస్తకం రెండోది మొదలైంది.

పోయిన నెల వాయిస్ మెసేజ్ నేనూ విన్నాను. ఇన్వర్టర్ బ్యాటరీ పాడైంది, టీకాల ఫ్రిజ్ దాని మీదే నడుస్తుంది. బ్యాటరీ "కరెంటు" కిందికి వస్తుందా, "పరికరాలు" కిందికి వస్తుందా అన్నది ఒప్పందంలో లేదు. జిల్లా ఆఫీసు సంఘానిదంటోంది, సంఘం వాళ్లదంటోంది. వచ్చే గురువారం ఇద్దరినీ కూర్చోబెడుతున్నాం. ఈలోగా టీకాలు పక్క ఉపకేంద్రంలో పెట్టారు.